కారవాన్ సోలార్ బ్యాటరీలో చార్జ్ ఎంత మిగిలిందో సరిగ్గా తెలుసుకోవడం ఎలా

కారవాన్ గోడ మీది వోల్ట్ మీటర్ మధ్యాహ్నం 13.8 చూపిస్తుంది. రాత్రి ఇన్వర్టర్ వేయగానే అదే మీటర్ 11.9కి పడిపోతుంది. ఈ రెండు అంకెల్లో ఏదీ బ్యాటరీలో ఎంత చార్జ్ ఉందో చెప్పడం లేదు. మొదటిది సోలార్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంట్‌ను అదుపు చేసి బ్యాటరీకి పంపే పెట్టె) తోస్తున్న వోల్టేజ్, రెండోది లోడ్ లాగినప్పుడు కుంగిన వోల్టేజ్. వీటిని నమ్ముకుని ఫ్రిజ్ నడిపితే తెల్లారేసరికి లెడ్ యాసిడ్ బ్యాటరీ సగానికన్నా కిందికి దిగిపోయి ఉంటుంది. అలా నెలల తరబడి జరిగితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ అర్ధాయుష్షుతో పోతుంది.

బ్యాటరీలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని జమాఖర్చు రాసే మీటరే నమ్మదగింది. ఆ లెక్క నిలబడాలంటే రెండు కుదరాలి. ప్రతి ఆంపియరూ ఆ మీటర్ గుండానే పోవాలి. 'ఫుల్' అంటే ఏమిటో మీటర్‌కు సరిగ్గా చెప్పాలి. సిస్టమ్‌కు ఇంకో ప్యానెల్ కలపాలా అని ఆలోచిస్తున్నవారు ముందు ఈ మీటర్ పెట్టుకోవడం మంచిది. చాలాసార్లు కొరత ప్యానెల్‌ది కాదని అప్పుడే తేలుతుంది.

వోల్టేజ్‌ను ఎప్పుడు నమ్మవచ్చు

లెడ్ యాసిడ్ బ్యాటరీకి విశ్రాంతి వోల్టేజ్ పనికొస్తుంది. విశ్రాంతి అంటే చార్జింగ్ లేదు, లోడ్ లేదు, అలా కనీసం నాలుగైదు గంటలు గడిచాయి అని అర్థం. తెల్లవారకముందు, ఎండ ప్యానెల్ మీద పడకముందు, మెయిన్ స్విచ్ ఆపి ఉన్నప్పుడు చూడటమే దీనికి సరైన సమయం. 25 డిగ్రీల దగ్గర 12 వోల్టుల బ్యాటరీకి సుమారు అంకెలు ఇవి:

12.7 వోల్టులు – ఫుల్
12.4 – 75 శాతం
12.2 – 50 శాతం
12.0 – 25 శాతం
11.8, అంతకన్నా తక్కువ – ఖాళీ

ఏజీఎం బ్యాటరీ (నీళ్లు పోయనక్కర్లేని, సీలు వేసిన లెడ్ యాసిడ్ రకం) ఫుల్‌గా ఉంటే ఇంకాస్త ఎక్కువ, 12.8 నుంచి 12.9 వరకు చూపిస్తుంది. ఫుల్‌కీ సగానికీ మధ్య తేడా అర వోల్టేనని గమనించండి. అందుకే ఒకే దశాంశ స్థానం చూపించే చవక మీటర్, అదీ 0.1 వోల్ట్ తప్పు చూపిస్తుంటే, 20 శాతం దాకా తప్పుదారి పట్టిస్తుంది.

మీటర్‌ను ఎక్కడ కలిపారన్నదీ ముఖ్యమే. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఒక్కో మీటరు పొడవుకు సుమారు 4.3 మిల్లీఓమ్‌ల నిరోధం ఇస్తుంది. బ్యాటరీ నుంచి 5 మీటర్ల దూరంలో ఉన్న ఫ్యూజు బాక్సుకు పోను, రాను 10 మీటర్ల వైరు. అందులో 10 ఆంపియర్లు పారితే 0.43 వోల్ట్ దారిలోనే పోతుంది. బ్యాటరీ నిక్షేపంగా ఉన్నా ఫ్యూజు బాక్సు దగ్గర తీసుకున్న రీడింగ్ సగం ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. వోల్ట్ మీటర్ వైర్లు విడిగా, నేరుగా బ్యాటరీ టెర్మినళ్ల నుంచే రావాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ విషయంలో వోల్టేజ్ దాదాపు నిరుపయోగం. 90 శాతం దగ్గర సుమారు 13.3, 40 శాతం దగ్గర సుమారు 13.1. సగం బ్యాటరీ ఖర్చయినా కదిలింది 0.2 వోల్ట్ మాత్రమే. 12.8కి దిగిందంటే ఇక 20 శాతం లోపే మిగిలినట్టు, ఆ తర్వాత పతనం చాలా వేగం. లిథియం వాడేవారికి జమాఖర్చు మీటర్ తప్పనిసరి.

నీళ్లు పోసే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్నవారికి యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ ఇంకో సాక్షి. 27 డిగ్రీల దగ్గర ఫుల్ అయితే 1.265 చుట్టూ, 75 శాతానికి 1.225, సగానికి 1.190. ఉష్ణోగ్రత ప్రతి 5.5 డిగ్రీలు పెరిగితే రీడింగ్‌కు 0.004 కలపాలి, తగ్గితే తీసేయాలి. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే కొలవకండి, అది యాసిడ్‌లో కలవడానికి చార్జింగ్ జరగాలి. ఆరు సెల్స్‌లో ఒక్కటి మిగతావాటికన్నా 0.050 వెనకబడితే ఆ సెల్ చెడిపోతోందని అనుమానించాలి. ఈ సంగతి ఏ ఎలక్ట్రానిక్ మీటరూ చెప్పలేదు.

కంట్రోలర్ తెర, బ్యాటరీ యాప్

చవక సోలార్ కంట్రోలర్ తెర మీద కనిపించే బ్యాటరీ బొమ్మ, శాతం అంకె వోల్టేజ్ చూసి వేసిన అంచనాలే. కంట్రోలర్‌కు తాను ఇచ్చిన కరెంటే తెలుసు. బ్యాటరీకి నేరుగా బిగించిన ఇన్వర్టర్ ఎంత తాగిందో దానికి తెలియదు. ఆ శాతాన్ని పట్టించుకోకండి. ఈ రోజు ఎన్ని ఏహెచ్ (ఆంపియర్ గంటలు, అంటే ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క) పండిందన్న అంకెను మాత్రం రాసుకోండి, అది నిజంగా పనికొస్తుంది.

లిథియం బ్యాటరీ లోపలి బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే కంట్రోల్ బోర్డు) బ్లూటూత్ యాప్‌లో చూపే శాతం ఇంతకన్నా నయం. కానీ చాలా బీఎంఎస్‌లు చిన్న కరెంట్లను లెక్కలోకి తీసుకోవు. అర ఆంపియర్ లోపు లోడ్ సున్నాగా కనిపిస్తే గ్యాస్ అలారం, యూఎస్‌బీ సాకెట్లు, రేడియో మెమరీ రోజుల తరబడి తాగింది ఖాతాకు ఎక్కదు. సెల్ వోల్టేజ్‌ల తేడా చూడటానికి యాప్‌ను వాడండి, చార్జ్ లెక్కకు షంట్‌ను, అంటే మొదట చెప్పిన జమాఖర్చు మీటర్ కరెంట్‌ను కొలిచే భాగాన్ని, వాడండి.

షంట్ ఎంపిక

షంట్ అంటే నిరోధం కచ్చితంగా తెలిసిన లోహపు దిమ్మె. 500 ఆంపియర్, 50 మిల్లీవోల్ట్ షంట్ నిరోధం 0.1 మిల్లీఓమ్. అందులో 10 ఆంపియర్లు పారితే రెండు చివర్ల మధ్య 1 మిల్లీవోల్ట్ వస్తుంది. మీటర్ దాన్ని కొలిచి, కాలంతో గుణించి కూడుతూ పోతుంది.

మీ అత్యధిక లోడ్‌ను బట్టి సైజు ఎంచుకోండి. 1000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడ్‌లో 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 93 ఆంపియర్లు లాగుతుంది, ఎందుకంటే పదో వంతు దానిలోనే వేడిగా పోతుంది. 100 ఆంపియర్ షంట్ దీనికి అంచు మీద ఉన్నట్టే. షంట్‌ను రాసి ఉన్న రేటింగ్‌లో మూడింట రెండు వంతులకు మించి ఎక్కువసేపు నడపకూడదు. ఇన్వర్టర్ ఉంటే 300 లేదా 500 ఆంపియర్లది తీసుకోండి. లైట్లు, పంపు, ఫ్రిజ్ మాత్రమే ఉంటే 100 చాలు. విడి షంట్, విడి డిస్‌ప్లే కొంటే రెండింటి మీదా ఒకే మిల్లీవోల్ట్ అంకె ఉందో లేదో చూడండి. 50 మిల్లీవోల్ట్ షంట్‌ను 75కు తయారైన డిస్‌ప్లేకు కలిపితే ప్రతి రీడింగూ మూడో వంతు తక్కువ వస్తుంది.

వైరు చుట్టూ తొడిగి, కరెంట్ పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే హాల్ సెన్సర్ మీటర్లు బిగించడానికి సులువే. కానీ వాటి సున్నా రీడింగ్ ఉష్ణోగ్రతను బట్టి పక్కకు జరుగుతుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే వాహనంలో ఆ జరుగుడే రోజుకు కొన్ని ఏహెచ్‌ల తప్పుగా పేరుకుంటుంది.

బిగించే క్రమం

చేతి ఉంగరాలు, వాచీ తీసేయండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. 12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవు, కానీ ప్లస్‌కు, ఛాసిస్‌కు మధ్య స్పానర్ తగిలితే వందల ఆంపియర్లు పారి లోహం కరుగుతుంది.

1. ముందు సోలార్ ప్యానెల్ బ్రేకర్ ఆపండి. బ్రేకర్ లేకపోతే ప్యానెల్ మీద దళసరి దుప్పటి కప్పండి. ప్యానెల్ నుంచి కరెంట్ వస్తుండగా కంట్రోలర్‌ను బ్యాటరీ నుంచి విడదీస్తే కంట్రోలర్ కాలిపోయే ప్రమాదం ఉంది. తర్వాత ఇన్వర్టర్, లోడ్లు, బయటి చార్జర్ ఆపండి.

2. బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కు ఎన్ని వైర్లు ఉన్నాయో ఫోటో తీసుకోండి. ప్రతి వైరూ ఎక్కడికి వెళ్తోందో చేత్తో పట్టుకుని చివరిదాకా చూసి చీటీ కట్టండి. మామూలుగా కనిపించేవి: ఫ్యూజు బాక్సు మైనస్, సోలార్ కంట్రోలర్ మైనస్, ఇన్వర్టర్ మైనస్, వాహనం ఆల్టర్నేటర్ నుంచి చార్జ్ చేసే పరికరం మైనస్, ఛాసిస్ ఎర్త్ (వాహనం లోహపు చట్రానికి వెళ్లే వైరు).

3. ఆ వైర్లన్నీ విప్పండి. బ్యాటరీ మైనస్‌కు ఇక ఒక్కటే దళసరి కేబుల్ ఉండాలి, అది షంట్ బ్యాటరీ వైపుకు పోవాలి. ఈ కేబుల్ మీ ఇన్వర్టర్ కేబుల్ కన్నా సన్నగా ఉండకూడదు, పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది.

4. విప్పిన వైర్లన్నీ, ఛాసిస్ ఎర్త్ సహా, షంట్ లోడ్ వైపుకు తెండి. నాలుగైదు లగ్గులు (వైరు చివర బిగించే రంధ్రం ఉన్న లోహపు కొసలు) ఒకే బోల్టు మీద పేర్చకండి. ఒక బస్‌బార్ (చాలా వైర్లు కలిపే లోహపు పట్టీ) పెట్టి, దాని నుంచి షంట్‌కు ఒకే దళసరి కేబుల్ వేయండి.

5. లగ్గు నేరుగా షంట్ ఇత్తడిని ఆనుకోవాలి. దాని మీద ప్లేన్ వాషర్, స్ప్రింగ్ వాషర్, నట్టు, ఈ వరసలోనే. లగ్గుకు, షంట్‌కు మధ్య వాషర్ దూరితే కరెంట్ ఆ ఉక్కు వాషర్ గుండా పోయి జాయింట్ వేడెక్కుతుంది. తయారీదారు చెప్పిన బిగింపు మించకండి, ఇత్తడి బోల్టు మరలు సులువుగా అరిగిపోతాయి.

6. మీటర్‌కు వెళ్లే సన్నని ప్లస్ వైరును బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కే కలపండి. టెర్మినల్‌కు పక్కనే ఒక ఆంపియర్ లేదా అంతకన్నా చిన్న ఫ్యూజు ఉండాలి. ఐసొలేటర్ స్విచ్ (బ్యాటరీని మిగతా సిస్టమ్ నుంచి విడదీసేది) ఉంటే ఈ వైరు దానికి ముందు, అంటే బ్యాటరీ వైపే ఉండాలి. లేకపోతే ఐసొలేటర్ తిప్పిన ప్రతిసారీ మీటర్ ఆరిపోయి పాత లెక్క మరచిపోతుంది.

7. తిరిగి కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత లోడ్లు, చివరగా సోలార్ ప్యానెల్.

షంట్‌ను పొడిగా ఉండే చోట, బ్యాటరీకి దగ్గర్లో బిగించండి. నీళ్లు పోసే బ్యాటరీ ఉన్న పెట్టెలో మాత్రం వద్దు, యాసిడ్ ఆవిరికి ఇత్తడి తుప్పు పట్టి రీడింగ్ చెడుతుంది. రెండు బ్యాటరీలు సమాంతరంగా ఉంటే ప్లస్ ఒక బ్యాటరీ నుంచి, మైనస్ రెండో బ్యాటరీ నుంచి తీయండి, అప్పుడే రెండూ సమానంగా పనిచేస్తాయి.

అన్నీ షంట్ గుండానే పోతున్నాయా

ఈ పరీక్ష దాటవేయకండి, తప్పులు ఎక్కువగా దొరికేది ఇక్కడే. ప్యానెల్ ఆపి, ఒక్కో పరికరం విడివిడిగా వేయండి. లైటు, పంపు, ఫ్రిజ్, ఇన్వర్టర్, వేసిన ప్రతిసారీ మీటర్‌లో మైనస్ అంకె పెరగాలి. ఏదైనా వేసినా అంకె కదలకపోతే దాని మైనస్ ఇంకా నేరుగా బ్యాటరీకో, వేరే దారిలో ఛాసిస్‌కో తగిలి ఉంది. తర్వాత అన్నీ ఆపి ప్యానెల్ వేయండి, ప్లస్ అంకె రావాలి, అది కంట్రోలర్ చూపే చార్జింగ్ కరెంట్‌తో ఇంచుమించు సరిపోవాలి. చివరగా ఇంజిన్ స్టార్ట్ చేసి ఆల్టర్నేటర్ చార్జింగ్ కూడా చూడండి. గుర్తులు తలకిందులుగా వస్తే షంట్ అటూ ఇటూ మారింది.

ఒక లోడ్ షంట్‌ను తప్పించుకుంటే మీటర్ అసలుకన్నా ఎక్కువ చార్జ్ చూపిస్తుంది. ఒక చార్జింగ్ దారి తప్పించుకుంటే తక్కువ చూపిస్తుంది. ఈ రెండింటిలో మొదటిదే ప్రమాదకరం.

సెట్టింగులు

సామర్థ్యం: బ్యాటరీ మీద రాసిన 20 గంటల రేటు అంకె ఇవ్వండి. 100 ఏహెచ్ అంటే 5 ఆంపియర్లు 20 గంటలు అని. సమాంతరంగా ఉన్నవాటిని కూడండి, సిరీస్‌లో ఉన్నవాటిని కూడకండి. పాత బ్యాటరీ అయితే అసలు సామర్థ్యం తగ్గే ఉంటుంది, దాన్ని తేల్చే పద్ధతి చివర్లో ఉంది.

ప్యూకర్ట్ అంకె: లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎంత వేగంగా ఖాళీ చేస్తే అంత తక్కువ ఇస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ ప్యూకర్ట్ 1897లో దీనికి సూత్రం ఇచ్చాడు. నీళ్ల బ్యాటరీకి 1.25, ఏజీఎంకు 1.1 నుంచి 1.15, లిథియంకు 1.05 పెట్టండి. దీని ప్రభావం చిన్నది కాదు. 100 ఏహెచ్ నీళ్ల బ్యాటరీ నుంచి నిలకడగా 25 ఆంపియర్లు లాగితే సుమారు 67 ఏహెచ్ మాత్రమే వస్తుంది. అదే లిథియం అయితే 92 ఇస్తుంది.

చార్జింగ్ సామర్థ్యం (ఎఫిషియెన్సీ, పైన చెప్పిన ఏహెచ్ సామర్థ్యం కాదు): లోపలికి పంపిందంతా తిరిగి రాదు. లెడ్ యాసిడ్‌కు 85 నుంచి 95 శాతం మధ్య, లిథియంకు 99. కొత్త లెడ్ యాసిడ్ బ్యాటరీకి 95తో మొదలుపెట్టి, కింద చెప్పినట్టు సరిచేయండి.

ఫుల్ గుర్తింపు: అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ దీనికే కావాలి. కొలతలో చిన్న చిన్న తప్పులు రోజూ పేరుకుంటాయి కాబట్టి, బ్యాటరీ నిజంగా నిండిన ప్రతిసారీ మీటర్ తన లెక్కను 100కు తెచ్చుకుంటుంది. నిండిందని గుర్తుపట్టడానికి మూడు షరతులు చూస్తుంది. వోల్టేజ్ ఒక గీత దాటాలి, బ్యాటరీలోకి వెళ్లే కరెంట్ ఒక గీత కిందికి దిగాలి, ఈ రెండూ కొన్ని నిమిషాలు నిలబడాలి.

సోలార్‌తో చిక్కేమిటంటే మబ్బు అడ్డొస్తే కరెంట్ తనంతట తానే పడిపోతుంది. వోల్టేజ్ గీత తక్కువగా పెట్టి ఉంటే మీటర్ దాన్ని నిండిన గుర్తుగా పొరబడుతుంది. 80 శాతం దగ్గర ఉన్న బ్యాటరీ ఒక్కసారిగా 100 అయిపోతుంది. అందుకే ఈ గీతను ఫ్లోట్ వోల్టేజ్‌కు (నిండాక నిలిపి ఉంచే తక్కువ వోల్టేజ్) కాకుండా అబ్సార్ప్షన్ వోల్టేజ్‌కు (నింపేటప్పుడు కంట్రోలర్ చేర్చే పై వోల్టేజ్) 0.2 తక్కువగా పెట్టండి. కంట్రోలర్ 14.4కు చార్జ్ చేస్తే 14.2, లిథియంకు 14.2కు చార్జ్ చేస్తే 14.0. కొన్ని మీటర్లు 13.2తో పెట్టెలోంచి బయటికొస్తాయి. లిథియం బ్యాటరీ ఊరకే ఉన్నా 13.2 చూపిస్తుంది కాబట్టి ఆ అంకె మార్చకపోతే మీటర్ ఎప్పుడూ 100 దగ్గరే తిరుగుతుంది.

కరెంట్ గీత, అంటే టెయిల్ కరెంట్, సామర్థ్యంలో 4 శాతం ఉంచండి. 200 ఏహెచ్‌కు 8 ఆంపియర్లు. మీ ప్యానెల్ నుంచి మంచి ఎండలో కూడా 8 ఆంపియర్లే వస్తాయనుకుంటే ఆ షరతు ఎప్పుడూ నెరవేరినట్టే ఉంటుంది, అప్పుడు 2 శాతానికి దించండి. సమయం 3 నిమిషాలుగా ఉంటుంది, మబ్బులు ఎక్కువైన కాలంలో 10కి పెంచండి.

సున్నా సవరణ: షంట్ లోడ్ వైపు కేబుల్ విప్పి, ఏ కరెంటూ పారనప్పుడు మాత్రమే చేయాలి. లోడ్లు 'ఆపేశాం' అనుకుని సున్నా చేస్తే అప్పటికి పారుతున్న 0.2 ఆంపియర్ శాశ్వతంగా లెక్కలోంచి మాయమవుతుంది.

మొదలుపెట్టేటప్పుడు మీటర్ ఎంత శాతం అనుకోవాలన్న సెట్టింగ్ కూడా చూడండి. కరెంట్ పోయి వచ్చినప్పుడు నేరుగా 100 చూపించేలా ఉంటే దాన్ని ఆపేయండి. మీటర్ అంకె బదులు అడ్డగీతలు (---) చూపించినా పర్వాలేదు, అబద్ధపు 100 చూపించకూడదు. అన్నీ పెట్టాక బ్యాటరీని ఒకసారి పూర్తిగా, వీలైతే బయటి కరెంట్‌తో రాత్రంతా చార్జ్ చేసి, అప్పుడు లెక్క మొదలుపెట్టండి.

రోజూ చూడాల్సినవి

రెండే రెండు అంకెలు రాసుకోండి: పొద్దు గుంకినప్పటి శాతం, తెల్లవారుజాము శాతం. 200 ఏహెచ్ బ్యాటరీ 92 నుంచి 74కు దిగితే రాత్రి 36 ఏహెచ్ ఖర్చయింది. ఇలా వారం రాస్తే ఎండ లేని రోజులు ఎన్ని తట్టుకోగలరో మీకే తెలుస్తుంది. లెడ్ యాసిడ్‌ను 50 శాతానికి కిందికి, లిథియంను 20 శాతానికి కిందికి దించకుండా అలారం పెట్టండి. ఇంత సమయం మిగిలిందని చూపే అంకెను అంతగా పట్టించుకోకండి. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి మొదలవుతూ ఉంటే అది మూడు రోజులకూ పది గంటలకూ మధ్య ఊగుతుంది.

లెక్క ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడం

మీటర్ 100కు మారే ముందు ఏ అంకె మీద ఉందో గమనించండి, జబ్బు అక్కడే తెలుస్తుంది. ప్రతిసారీ 94 నుంచి ఒక్కసారిగా 100కు ఎగిరితే చార్జింగ్ సామర్థ్యం తక్కువగా పెట్టారు, ఒకటి రెండు శాతం పెంచండి. అంకె 100 చేరి గంటైనా బ్యాటరీలోకి 10 ఆంపియర్లు వెళ్తూనే ఉంటే ఆ సామర్థ్యం ఎక్కువగా పెట్టారు, లేదా ఏదో లోడ్ షంట్‌ను తప్పించుకుంటోంది. ఒక్కో సెట్టింగే మార్చి రెండు మూడు పూర్తి చార్జ్‌లు గమనించాకే ఇంకోటి ముట్టుకోండి.

వారాల తరబడి మీటర్ 100కు రాకపోతే తప్పు మీటర్‌ది కాకపోవచ్చు. లెడ్ యాసిడ్‌కు చివరి 20 శాతం చాలా నెమ్మదిగా, గంటల తరబడి ఎక్కుతుంది. చిన్న పగళ్లలో ఎండ చాలక బ్యాటరీ నిజంగానే నిండటం లేదు. వారానికో పదిరోజులకో బయటి చార్జర్ పెట్టి పూర్తిగా నింపండి. మీటర్ లెక్క సరవుతుంది, బ్యాటరీకి సల్ఫేట్ బెడదా తగ్గుతుంది.

చలిలో ఇంకో తేడా ఉంది. సున్నా డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ తన సామర్థ్యంలో సుమారు 80 శాతమే ఇస్తుంది. ఉష్ణోగ్రత సెన్సర్ లేని మీటర్‌కు ఇది తెలియదు. లిథియంను సున్నా కింద చార్జ్ చేయకూడదు, మంచి బీఎంఎస్ అప్పుడు చార్జింగ్ ఆపేస్తుంది. ఉదయం ఎండ ఉన్నా మీటర్‌లో ప్లస్ అంకె రాకపోతే కంగారుపడి వైర్లు విప్పకండి, ముందు బ్యాటరీ ఉష్ణోగ్రత చూడండి.

సామర్థ్యం పరీక్ష, నిలిపి ఉంచే ముందు

ఏడాదికోసారి లెడ్ యాసిడ్ బ్యాటరీ అసలు సామర్థ్యం చూడండి. పూర్తిగా నింపి, ప్యానెల్ ఆపి, 100 ఏహెచ్‌కు 5 ఆంపియర్ల చొప్పున లోడ్ పెట్టి, మీటర్ 50 శాతం చూపగానే ఆపండి. ఐదు గంటలు విశ్రాంతి ఇచ్చి వోల్టేజ్ చూడండి. 12.2 ఉంటే బ్యాటరీ మాట, మీటర్ మాట ఒకటే. 12.0 దగ్గర ఉంటే 50 ఏహెచ్ తీసేసరికే ముప్పావు వంతు ఖాళీ అయింది, అంటే సామర్థ్యం సుమారు 67కి పడిపోయింది. మీటర్‌లో ఆ అంకె పెట్టుకుంటేనే శాతం మళ్లీ నిజం చెబుతుంది. లిథియంకు ఈ వోల్టేజ్ పోలిక కుదరదు. ఫుల్ నుంచి బీఎంఎస్ ఆపేదాకా నడిపి ఎన్ని ఏహెచ్ వచ్చిందో చూసి, వెంటనే తిరిగి చార్జ్ చేయాలి.

కారవాన్‌ను వారాలపాటు నిలిపే ముందు అన్నీ ఆపి మీటర్‌లో కరెంట్ చూడండి. 0.3 ఆంపియర్ అంటే తేలిగ్గా అనిపిస్తుంది, కానీ రోజుకు 7.2 ఏహెచ్, రెండు వారాలకు 100 ఏహెచ్. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏది తాగుతోందో దొరుకుతుంది. మామూలుగా అది ఆఫ్ చేయకుండా మరచిన ఇన్వర్టర్ లేదా టీవీ యాంటెనా బూస్టర్ అయి ఉంటుంది. లెడ్ యాసిడ్‌ను పూర్తిగా నింపి, ప్యానెల్ కలిపే ఉంచండి. లిథియంను సగం చార్జ్‌లో ఉంచి ఐసొలేటర్ తిప్పేయండి. షంట్ మీటర్ మాత్రం బ్యాటరీకే కలిసి ఉంటుంది కాబట్టి తిరిగి వచ్చేసరికి లెక్క చెరిగిపోదు. కానీ ఇన్ని వారాల్లో లిథియం తనంతట తాను కోల్పోయింది ఆ లెక్కలో ఉండదు, కాబట్టి ప్రయాణానికి ముందురోజే పూర్తి చార్జ్ పెట్టి మీటర్‌ను 100కు తెచ్చుకోండి.